నిదానపు పడవ

జూన్ 2, సోమవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాసేంత విషయం కాదు. ఒక ఆటలో ఒక పడవని తీసేస్తున్నారు, అంతే. దానికోసం డైరీ తెరవడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కానీ కళ్లజోడు వెతక్కుండానే చేతికి తగిలింది. అలాంటి అదృష్టం రోజూ పట్టదు గనక కూర్చున్నాను.

పొద్దున ఆట తెరవగానే తెర మీద ప్రకటన: "మా చిరకాల ఆటగాళ్ల కోరిక మేరకు, పాతరేవు నుంచి ఉప్పుదీవికి ఇక క్షణంలో ప్రయాణం! పడవ కోసం ఎదురుచూపులకు సెలవు!" రెండు వాక్యాలకి రెండు ఆశ్చర్యార్థకాలు. నాకు అచ్చుపని నేర్పిన మేస్త్రీ అనేవాడు, "ఆశ్చర్యార్థకం పెట్టాడంటే చెప్పే మాట మీద వాడికే నమ్మకం లేదురా" అని. ఆయన జీవితంలో ఆశ్చర్యపడగా నేను చూడలేదు.

చిరకాల ఆటగాళ్లంటే మేమే. మేం ఎప్పుడు కోరాం?

పడవ గురించి కాస్త రాసిపెట్టుకోవాలి, అది పోయాక ఉండేదా అని నాకే అనుమానం వస్తుంది. రేవులో గంట ఊగుతుంది. తెరచాప లేస్తుంది. ఎడమపక్కన ఒక తెల్ల పక్షి, ఇన్నేళ్లూ అదే పక్షి, అదే చోట రెక్క వంచి పక్కకి తిరుగుతుంది. నీళ్ల మీద ఎండ గళ్లుగళ్లుగా మెరుస్తుంది. ఎండని నున్నగా గీసే తాహతు అప్పటి కంప్యూటర్లకి లేదు మరి. ఆ గళ్ల ఎండంటే నాకు ప్రాణం. అవతలి దీవి చేరేలోపు టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి రావచ్చు. వచ్చి చూస్తే ఇంకా సముద్రం మధ్యలోనే ఉంటాం.

పడవలో ఏ పనీ చెయ్యలేం. కత్తి దూయడానికి లేదు, గాలం వెయ్యడానికి లేదు, మధ్యలో దిగిపోవడానికి అసలే లేదు. మిగతా చోట్ల అందరి చేతులూ ఆయుధాల మీద ఉంటాయి, ఒక మాట టైపు చేసే తీరిక ఎవడికీ ఉండదు. పడవెక్కాక చేతులు ఖాళీ. అందుకని మాటలు.

ఆదివారం పొద్దున నలుగురం ఖాయం. టీచరమ్మ లెక్కలు చెప్పి రిటైరై, ఆటలో ఉప్పు వ్యాపారం పెట్టుకుంది. నర్సమ్మ డ్యూటీ దిగి, యూనిఫాం మార్చకుండానే పడవెక్కుతుంది. పిడుగు. నేను. ఆటలో నా పేరు సీసం. పిడుగంటే మా బామ్మర్ది, మా ఆవిడ తమ్ముడు. పై అంతస్తులో ఉంటాడు.

అన్నట్టు, కుక్కర్ కూత మానేసింది. గాస్కెట్ మార్చాలి.

జూన్ 4, బుధవారం

పై అంతస్తులో ఉంటాడని రాశాను గానీ, మెట్ల మీద ఎదురైతే మాట్లాడుకోం అని రాయలేదు. పెద్ద విషయం కాదు. ఫిబ్రవరిలో వాళ్ల అమ్మాయి పుట్టినరోజు నాడు నిండు గదిలో నిలబడి, "బావకి వినపడదు, కాస్త గట్టిగా చెప్పండి" అన్నాడు. నాకు శుభ్రంగా వినపడింది. వినపడదన్న మాటే వినపడ్డాక ఇంక వాదన ఏముంది? ప్లేటు బల్ల మీద పెట్టి కిందికి వచ్చేశాను. ఆ రోజు నుంచి వాడు మెట్లెక్కుతుంటే నేను చెప్పుల వార్లు సవరించుకుంటాను. వాడు గోడ చూసుకుంటూ పోతాడు.

పడవలో మాత్రం మాట్లాడుకుంటాం. పడవ వేరు.

నా చదువంతా అచ్చాఫీసులోనే. బడి నాకు నచ్చలేదు, బడికి నేను నచ్చలేదు, ఇద్దరం మర్యాదగా విడిపోయాం. సీసపు అక్షరాలు గళ్లలోంచి ఏరి పేర్చే పనిలో పెట్టారు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి, కాబట్టి నేను ముందు తలకిందుల చదువు నేర్చుకుని తర్వాత మామూలు చదువు నేర్చుకున్నాను. ఒకే పుస్తకాన్ని నలుగురం పంచుకుని పేర్చేవాళ్లం. అందుకని లోకంలో చాలా పుస్తకాల మధ్య పేజీలు నాకు కంఠతా వచ్చు, హంతకుడెవరో మాత్రం తెలియదు. తర్వాత మిషన్ మీదికి మార్చారు. రోజంతా అది ధనధనమంటూ కొట్టేది, మేం సైగలతో మాట్లాడుకునేవాళ్లం. మంచి మిషను. దాని వల్ల ఎవరి చెవులకీ ఏమీ కాలేదు.

ఆట మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. కాలేజీలో ఉన్నప్పుడు ఒక కంప్యూటర్ కొనిపించి, చదువుకోసమని చెప్పి, ఈ ఆట పెట్టుకుంది. మూడు వారాలు ఆడి విసుగెత్తి వదిలేసింది. ఆ పాత్ర అలా రేవులో దిక్కులేకుండా నిలబడి ఉంటే మనసొప్పక నేను రెండడుగులు నడిపించాను. అంతే. బామ్మర్ది అప్పట్లో బస్సు నడిపేవాడు, డ్యూటీ దిగి అక్క చేతి టీ తాగడానికి వచ్చి, నా భుజం మీంచి చూసి, "అదేంటి బావా, గోడకేసి నడుస్తున్నావు? స్టీరింగ్ ఇలా ఇవ్వు" అన్నాడు. ఆ వారమే వాడూ ఒక కంప్యూటర్ కొన్నాడు.

జూన్ 8, ఆదివారం

పడవ నిండుగా ఉంది. ప్రకటన చూసి ఎన్నాళ్లుగానో కనపడనివాళ్లు కూడా వచ్చారు. మాటలు తెర మీద వానలా పడుతున్నాయి. ఆ వానలో ఒక్క చుక్క నేను వదలను. ఇళ్లలో మనుషులు ఈ మధ్య గొణుగుతున్నారు, ఇక్కడ మాత్రం అందరి ఉచ్చారణా స్ఫుటంగా ఉంది.

టీచరమ్మ మొదలుపెట్టింది: "ఇదేం అన్యాయమండీ! పడవ తీసెయ్యమని ఎవరడిగారు?"

"నేనైతే అడగలేదు," అంది నర్సమ్మ. "డ్యూటీలో నిమిషానికోసారి సిస్టర్, సిస్టర్ అంటారు. ఇంటికెళ్తే అమ్మా, అమ్మా. నన్నెవరూ పిలవని చోటు ఈ పడవొక్కటే. దీన్నీ తీసేస్తే నేను బాత్రూంలో కూర్చోవాలి."

"అర్జీ పెడదాం," అంది టీచరమ్మ. "సీసం గారూ, మీరే రాయాలి. మీ చేతిలో తప్పులుండవు."

"ఏమయ్యా పిడుగూ, ఉలుకూ పలుకూ లేదు?" అన్నాను.

కాసేపటికి తెర మీద పడింది: "ఆలోచిస్తున్నా బావా."

"నువ్వా? ఎప్పట్నుంచి?"

"నీ దగ్గర నేర్చుకోలేదులే."

నలభై ఏళ్లు బస్సు చక్రం వెనక కూర్చున్న నోరు అది. మాటకి మాట వెంటనే వడ్డిస్తాడు, బ్రేకు మీద కాలు ఎప్పుడూ ఉండదు. మెట్ల మీద ఇలాంటిది విని ఎన్నాళ్లయిందో.

అర్జీ రాశాను. మేమందరం ఎంత పాతవాళ్లమో, పడవ ఎంత గొప్పదో, అందులో ఎన్ని స్నేహాలు కుదిరాయో రాశాను. ఆ గళ్ల ఎండని ముట్టుకోవద్దని విడిగా ఒక పేరా పెట్టాను. ఒక్క ఆశ్చర్యార్థకం కూడా వాడలేదు.

జూన్ 10, మంగళవారం

జవాబు వచ్చింది. రాసింది కంపెనీలో ఆటగాళ్ల ఉత్తరాలు చూసే అమ్మాయి. ఎప్పటిలా మర్యాదగా రాసింది. మర్యాదగా రాసి, కింద ఒక పాత కాగితం జత చేసింది.

ఆట కొత్తలో మేమే పెట్టుకున్న అర్జీ! "పడవ నత్తలాగా పోతోంది. పగలంతా బస్సు నడిపి ఇంటికొచ్చి మళ్లీ ప్రయాణికుడిలా కూర్చోవాలా? కంపెనీవారు వెంటనే వేగం పెంచవలెను." మొదటి సంతకం పిడుగుది. రెండోది టీచరమ్మది. నాదీ ఉంది. కామాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి నేనే దిద్ది ఉంటాను.

అమ్మాయి రాసింది: "మీ కోరిక తీర్చడంలో ఆలస్యమైనందుకు క్షమించండి. అప్పట్లో అది సాధ్యం కాలేదు. అవతలి దీవి బొమ్మలన్నీ మీ కంప్యూటర్‌లోకి దిగడానికి టైం పట్టేది. ఆ టైం మీకు తెలియకుండా ఉండాలనే పడవ పెట్టారు. ఇప్పుడా అవసరం లేదు. నేను చేరిన రోజు నుంచి పాత అర్జీలన్నీ ఒక్కొక్కటే చదివి తీరుస్తున్నాను. మీది వంతుకొచ్చింది."

కోపం రావలసింది. రాలేదు. పైగా ముచ్చటేసింది. పెట్టినవాళ్లమే మరిచిపోయిన అర్జీని, మేం పెట్టేటప్పటికి బళ్లో చేరి ఉంటుందో లేదో, ఆ పిల్ల దుమ్ము దులిపి చదివి, వరుస తప్పకుండా మా వంతుకి వచ్చింది. ఇంత బాధ్యత గల మనుషులు ఈ లోకంలో ఉన్నారన్నమాట.

ఇక ఆ పడవ. లోపం కప్పిపుచ్చడానికి కట్టిన పడవ! అచ్చులో పేజీ చివర మాటలు అయిపోయి ఖాళీ మిగిలేది. ఊరికే వదిలేస్తే బోడిగా ఉంటుందని అక్కడ ఒక పువ్వు బొమ్మ బిగించేవాళ్లం. తర్వాత తర్వాత పాఠకులు ఆ పువ్వు లేకపోతే పుస్తకం బాగాలేదనేవాళ్లు. ఎవడో మహానుభావుడు సమయం చాలక, ఆ చాలకపోవడాన్ని తెరచాపా, గంటా, పక్షీ చేశాడు. దండం పెట్టాలి వాడికి.

చివర్లో ఇంకో మాట రాసింది. క్షణం ప్రయాణం ఎలాగూ వస్తుంది. పడవని కూడా ఈ నెలాఖరుదాకా ఉంచి చూస్తారట. ఎక్కేవాళ్లుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఎక్కేవాళ్లకేం కొదవ!

జూన్ 13, శుక్రవారం

కొత్త గాస్కెట్ వేశాను. ఇంకా కూత లేదు. వాకిలి గంటకి కూడా కొత్త బ్యాటరీ వేశాను, అదీ మూగే. ఈ కాలపు సామాన్లన్నీ ఇంతే.

మా ఆవిడ ఈ మధ్య ఏదైనా చెప్పేముందు నా భుజం తడుతోంది. ఈ వయసులో ఇంత ప్రేమ. బాగుంది.

జూన్ 15, ఆదివారం

పడవ మీద ఇసకేస్తే రాలలేదు. జనం తెరచాప కొయ్య మీద కూడా నిలబడ్డారు. నర్సమ్మ ఒక పీపా మీదెక్కి, "ఇంతమంది ప్రేమించిన పడవని ఎవరు ఆపుతారో చూస్తాను" అని ఉపన్యాసమిచ్చింది. అందరం ప్రమాణం చేశాం, క్షణం ప్రయాణం గుమ్మం తొక్కం అని.

ఎంత మారామో అనిపించింది. ఆట కొత్తలో ఇదే జనం ఏం గోల చేసేవాళ్లు! రాక్షసుడు చిన్నగా ఉన్నాడని గోల. పెద్ద రాక్షసుణ్ణి పెడితే అన్యాయంగా కొడుతున్నాడని గోల. కొత్త దీవి ఏదని, కొత్త గుర్రం ఏదని, కంపెనీవాళ్ల వంశాన్ని తలుచుకోని రోజు లేదు. కొన్నేళ్లకి గుర్రాల మాట తగ్గింది. రాక్షసుడు కాస్త మెల్లగా వస్తే బాగుణ్ణు, మా వేళ్లు వంగడం లేదు అన్నారు. ఇప్పుడు రాక్షసుడి గుహ వైపు వెళ్లేవాడే లేడు. వాడూ ముసలివాడయ్యుంటాడు. పొద్దున్నే ఆట తెరుచుకుంటే చాలు, తెరుచుకున్నాక అందులో తెలిసినవాళ్లుంటే చాలు.

వాళ్లు మాకు గెలవడానికొక లోకం కట్టిచ్చారు. మేం అందులో అరుగు వెతుక్కున్నాం.

జూన్ 22, ఆదివారం

పడవలో ఆరుగురు. టీచరమ్మ లేదు. ఉప్పుదీవి బజారులో కనిపించింది.

"ఏమండీ టీచరమ్మా, పడవలో చూడలేదే?"

"అయ్యో సీసం గారూ, ఉప్పు ధర పడిపోతుంటేనూ! గబుక్కున అలా వచ్చేశాను. ఈ ఒక్కసారే."

"ప్రమాణం చేశారు కదండీ."

"చేశాను, కాదనను. పడవ ఉండాలండీ. తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఈ ఆట నేను ఆడను."

"మరి ఎక్కరూ?"

"ఉండాలి అన్నాను గానీ ఎక్కాలి అన్నానా?"

లెక్కల టీచరు కదా, తర్కంలో చిల్లు దొరకలేదు. నర్సమ్మకి డ్యూటీ మారిందట. ఆమెను ఏమీ అనడానికి లేదు.

బామ్మర్ది ఉన్నాడు. వాళ్ల అమ్మాయి ఉద్యోగం గురించి, మోకాలి నొప్పి గురించి, కింద కొళాయి కారడం గురించి మాట్లాడాడు. కొళాయి మా వంటింట్లోది.

"అది కారుతున్నట్టు నీకెలా తెలుసు?" అన్నాను.

"పైకి వినపడుతుంది బావా."

నేను పక్షిని చూస్తూ కూర్చున్నాను. వాడే మళ్లీ, "వాషర్ అరిగుంటుందిలే, ఆదివారం వచ్చి మారుస్తా, నువ్వు బజారుకెళ్లినప్పుడు" అన్నాడు.

జూన్ 26, గురువారం

ఎలా ఉంటుందో చూద్దామని, ఒక్కసారి, కేవలం చూద్దామని, క్షణం ప్రయాణం నొక్కాను. కన్ను మూసి తెరిచేలోపు ఉప్పుదీవిలో ఉన్నాను. అద్భుతం. ఆ కట్టినవాళ్ల పనితనానికి వంక పెట్టడానికి లేదు. మేకులు కొన్నాను. కొన్నాక ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటి నుంచి పనికి పోయే దారి ఎవడో కత్తిరించి పారేసినట్టుంది.

రేవు గట్టు మీద నిలబడ్డాను. పడవ వచ్చింది. అందులో ఒక్కడే మనిషి. పిడుగు.

వాడు నన్ను చూడలేదు, నేను ఉప్పు బస్తాల వెనక ఉన్నాను. దిగాడు. బజారు వైపు చూడను కూడా చూడలేదు. గట్టు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, అదే పడవెక్కి వెళ్లిపోయాడు. నేను ఇక్కడే కూర్చుని టీ తాగి, గ్లాసు కడిగి వచ్చాను. పడవ మళ్లీ వచ్చింది. మళ్లీ వాడొక్కడే. మళ్లీ దిగాడు, నడిచాడు, ఎక్కాడు.

ఉప్పుదీవిలో వాడికి ఏ పనీ లేదు. ఆలోచిస్తే ఇన్నేళ్లలో వాడక్కడ ఒక్క గోనె ఉప్పు కొన్నది నేను చూడలేదు. ప్రతి ఆదివారం నాతోపాటు దిగి, నా బేరం అయ్యేదాకా గట్టు మీద నిలబడి, నాతోపాటు తిరిగి ఎక్కేవాడు. గాలి కోసం వస్తాడనుకునేవాణ్ణి. ఆటలో గాలేమిటి?

వాడు బస్సు నడిపే రోజుల్లో ఒకసారి ఆఖరి ట్రిప్పులో వాడితో వెళ్లాను. బస్సులో నేనొక్కణ్ణే. ఒక స్టాపులో ఎవరూ లేరు. అయినా ఆపాడు. తలుపు తెరిచాడు, కాసేపుంచి మూశాడు. తర్వాతి స్టాపులోనూ అంతే. "ఎవరూ లేరు కదరా, లాగించెయ్యి, ఇంటికి పోదాం" అన్నాను. "పరిగెత్తుకుంటూ ఎవరైనా వస్తుంటే బావా? మనం దాటిపోయాక వాడికి ఇంకో బస్సు లేదు" అన్నాడు. దారి పొడుగునా అలాగే ఖాళీ స్టాపులకి తలుపు తెరుస్తూ పోయాడు. ఒక్కడూ ఎక్కలేదు. వాడి మొహంలో విసుగన్నది లేదు. నేను ఆ రోజు వాడికేమీ చెప్పలేదు. బామ్మర్దిని మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడని మా పెద్దలు చెప్పేవారు.

సాయంత్రం మా ఆవిడతో అన్నాను, "మీ తమ్ముడికి పిచ్చి పట్టింది. ఖాళీ పడవలో అటూ ఇటూ తిరుగుతున్నాడు."

భుజం తట్టి చెప్పింది. "వారం రోజులుగా తిరుగుతున్నాడండీ. మీరెప్పుడెక్కుతారో తెలీదుగా."

"లెక్క కోసం తిరుగుతున్నాడేమో. ఎక్కేవాళ్ల సంఖ్య పెరగాలని."

"అదే అయ్యుంటుంది లెండి," అని నవ్వింది.

జూలై 1, మంగళవారం

పడవకి ఈ ఆదివారమే ఆఖరి రోజు. అమ్మాయి నాకు విడిగా రాసింది: "ప్రయత్నించాను సార్. ఎక్కుతున్నది ఎక్కువసార్లు ఒక్కరే అని తేలింది. ఆ ఒక్కరికి నా నమస్కారం చెప్పండి."

ఆ గళ్ల ఎండని మాత్రం రేవులో ఉంచేస్తారట. నా పేరా చదివిందన్నమాట. ఎంత మంచి పిల్ల.

జూలై 6, ఆదివారం

ఆఖరి రోజని పొద్దున పడవ మళ్లీ కిక్కిరిసింది. టీచరమ్మ ఏడ్చింది, అంటే ఏడుస్తున్నానని టైపు చేసింది. నర్సమ్మ సెలవు పెట్టి మరీ వచ్చింది. అందరూ ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకుని, ఆ వెంటనే క్షణం ప్రయాణంలో ఎవరి పనికి వాళ్లు పోయారు. నేను కాదనను. పెళ్లికి రానివాళ్లు కూడా చావుకి వస్తారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్లీ ఎక్కాను. పడవలో వాడొక్కడే.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నా. అక్క కూర పంపింది. ఉప్పు ఎక్కువైంది."

"ఉప్పుదీవి నుంచి తెచ్చింది నేనే కదా."

"అదీ నిజమే."

గంట ఊగింది. తెరచాప లేచింది.

"కంపెనీ అమ్మాయి నీకు నమస్కారం చెప్పమంది," అన్నాను.

"నాకెందుకు?"

"ఖాళీ స్టాపుల్లో ఆపినందుకు."

పక్షి వచ్చింది, రెక్క వంచి తిరిగింది. నిజంగా బాగా గీశారు ఆ పక్షిని. ఎక్కడా ఒక్క గీత ఎక్కువ లేదు.

"బావా, రేపట్నుంచి ఎక్కడ మాట్లాడుకుందాం?"

"ఊళ్లో చోట్లే లేవా? రేవుంది, బజారుంది."

"బజారులో నీ చేతులు ఖాళీ ఉండవు. రేవులో ఎవడూ నిలబడడు."

"అయితే మెట్ల మీద మాట్లాడుకుందాం."

దీవి కనపడుతున్నప్పుడు ఒక వాక్యం వచ్చింది.

"మెట్ల మీద నా మాట నీకు వినపడదు బావా."

నేను కీబోర్డు మీద చేతులు పెట్టాను. కోపంగా ఒకటి రాసి చెరిపేశాను. నవ్వుతూ ఒకటి రాసి చెరిపేశాను. దిగే పలక పడింది. వాడు ఎప్పటిలా గట్టు మీద నిలబడ్డాడు. నేను బజారుకి వెళ్లలేదు. కాసేపు పక్కనే నిలబడ్డాను.

జూలై 7, సోమవారం

రేవులో నీళ్లున్నాయి.

జూలై 8, మంగళవారం

పాలు తీసుకుని లోపలికి వస్తుంటే బామ్మర్ది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గోడ చూసుకోలేదు, నావైపే చూశాడు. నేనూ చెప్పుల జోలికి పోలేదు. వాడు ఏదో అన్నాడు. వీధిలో లారీ పోతోందనుకుంటా. పెదవులు కదిలాయి, నవ్వు మొహంతోనే ఉన్నాడు. ఇన్ని నెలల తర్వాత నోరు తెరిచి మాట్లాడాడు గనక, మళ్లీ చెప్పమంటే బాగుండదని, "ఆఁ ఆఁ, అలాగే" అని గట్టిగా తలూపాను. వాడి కళ్లు పెద్దవయ్యాయి. లేచి నిలబడి నా భుజం మీద చెయ్యేశాడు. నేను మళ్లీ తలూపాను.

ఇంట్లోకి వచ్చాక మా ఆవిడ అడిగింది. "ఏమన్నాడు తమ్ముడు?"

"ఏదో. ఎండల గురించి."

సాయంత్రం ఆవిడ పైకి వెళ్లొచ్చింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని, మొహం నా మొహానికి సూటిగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "గురువారం పొద్దున తనతో చెవుల డాక్టర్ దగ్గరికి వస్తారా అని అడిగాడట. మీరు అలాగే అన్నారట. రెండుసార్లు తలూపారట. వాడు పైన చిన్నపిల్లాడిలా తిరుగుతున్నాడు."

చక్కగా వినపడింది. అంత దగ్గర నుంచి చెబితే ఎవరికైనా వినపడుతుంది.

"నేను అలా అనలేదు," అన్నాను.

"అయితే వెళ్లి వాడికి చెప్పండి. మెట్లు అవే కదా."

మెట్ల దాకా వెళ్లాను. పైన దీపం వెలుగుతోంది. తలుపు తెరిచే ఉంది. తిరిగి వచ్చేశాను. పొరపాటున ఊపినా తల నాదే. ఊపిన తలకి కట్టుబడకపోవడం మా ఇంటా వంటా లేదు.

జూలై 9, బుధవారం

చొక్కా ఇస్త్రీ చేయించాను. రేపటికోసం కాదు. ఊరికే.

జూలై 10, గురువారం

బామ్మర్ది బస్సులోనే వెళ్దామన్నాడు. ఆ మాట నాకు చేత్తో స్టీరింగ్ తిప్పి చూపించాడు. ముందు సీట్లో కూర్చుని, డ్రైవర్ చేసే తప్పులన్నిటికీ పెదవి విరుస్తూ వచ్చాడు. డ్రైవర్ ఒక స్టాపు దాటించేశాడు. వీడు సీట్లోంచి సగం లేచి వెనక్కి చూశాడు. అక్కడెవరూ లేరని చూసుకుని కూర్చున్నాడు. ఈ మనిషిని ఏం చెయ్యాలి?

చెవుల డాక్టర్ గదిలో ఇంకో చిన్న గది ఉంది. గోడలకి మెత్తటి అట్టలు, ఒక కుర్చీ, ఒక గాజు కిటికీ. పరీక్ష చేసే అమ్మాయి నా చెవులకి పెద్ద తొడుగులు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టింది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలని వేలితో చూపించింది. బటన్ నొక్కడం నాకు చూపించనక్కర్లేదు.

తలుపు మూశారు. గాజు అవతల ఆ అమ్మాయి మిషను ముందు కూర్చుంది, బామ్మర్ది చేతులు కట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

నేను బటన్ నొక్కాను.

ఆ అమ్మాయి తలెత్తి, ఇంకా మొదలుపెట్టలేదని చెయ్యి ఊపింది. బొటనవేలు బటన్ మీంచి తీశాను.